స్కూల్లో పిల్లల మందులు ఎలా సర్దుకోవాలి? ఒకే పేరున్న ఇద్దరి విషయంలో కొద్దిలో తప్పింది

కొత్త_నర్సు:

అందరికీ నమస్తే. స్కూల్ నర్సుగా చేరి ఏడు వారాలైంది. అంతకుముందు నాలుగేళ్లు పిల్లల వార్డులో చేశాను. వార్డులో ఏ పూట మందులు ఆ పూటకు వచ్చేవి, సందేహం వస్తే పక్కన ఇంకో నర్సు ఉండేది. ఇక్కడ నేనొక్కదాన్నే. ఎనిమిది వందల మంది పిల్లలు, వాళ్లలో ముప్పై నలుగురి మందులు నా గదిలోనే ఉంటాయి.

నాకంటే ముందున్నావిడ వెళ్లేటప్పుడు ఒక తాళంచెవి, ఒక రిజిస్టర్ చేతిలో పెట్టారు. బీరువా తెరిస్తే జిప్ కవర్లు ఒకదాని మీద ఒకటి. కొన్నిటి మీద ఇంటిపేరు, కొన్నిటి మీద తరగతి. ఒక కవరు మీద "మధ్యాహ్నం ఒకటి" అని తప్ప ఇంకేమీ లేదు. అది ఒంటి గంటకో, ఒక మాత్రో తెలియదు. కింది అరలో ఒక సిరప్ సీసా కారి అరకే అతుక్కుపోయింది, లేబుల్ మీద అక్షరాలు చెరిగిపోయాయి. మెల్లగా సర్దుకుందాంలే అనుకున్నాను. రోజూ గొంతు నొప్పులు, మోకాలి దెబ్బలు చూసుకునేసరికి సాయంత్రమైపోయేది.

మొన్న సోమవారం లంచ్ బెల్ తర్వాత ఒకేసారి ఆరుగురు వచ్చారు. నాలుగో తరగతి అబ్బాయికి ఏకాగ్రత కోసం మిథైల్‌ఫెనిడేట్, సగం మాత్ర ఇవ్వాలి. ఆరో తరగతి అబ్బాయికి ఫిట్స్ మందు, పూర్తి మాత్ర. ఇద్దరి పేరూ ఒకటే. నేను పేరు చూసి ఆరో తరగతి అబ్బాయి కవరు తీశాను, ఆ మాత్ర నాలుగో తరగతి వాడి అరచేతిలో పెట్టాను. వాడు నోట్లో వేసుకోకుండా దాన్ని వేలితో అటూ ఇటూ తిప్పి చూసి, "మేడమ్, నాది సగం ముక్కే కదా" అన్నాడు.

అంతే. నాలుగో తరగతి పిల్లాడు చూసుకోబట్టి సరిపోయింది. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. ఇంకొంచెం చిన్న పిల్లయితే మింగేసేది కదా అన్న ఆలోచనే.

నాకు ముఖ్యంగా రెండు విషయాలు కావాలి. మందులు పేరు వరుసలో పెట్టాలా, తరగతి వారీగానా, వేళ ప్రకారమా? ఇంకోటి, ప్రిన్సిపాల్ గారు అన్నీ తాళంలోనే ఉండాలంటున్నారు. ఇన్‌హేలర్లు కూడానా? నాకు మనసొప్పడం లేదు, కానీ గట్టిగా చెప్పడానికి అనుభవం లేదు.

బడి_నర్సు:

చెల్లీ, నేను ఈ పనిలో పంతొమ్మిదేళ్లుగా ఉన్నాను. ముందు ఒకటి అడుగుతాను. సోమవారం జరిగింది కాగితం మీద పెట్టావా? పిల్లాడు మింగలేదు కాబట్టి ఏమీ కాలేదని వదిలేయకు. తేదీ, వేళ, ఏ కవరు బదులు ఏది తీశావు, ఎలా బయటపడింది, అంతా రాసి ప్రిన్సిపాల్ గారికి ఇవ్వు. ఇద్దరి ఇళ్లకూ ఫోన్ చేసి చెప్పు. చెప్పడానికి భయంగానే ఉంటుంది, నాకు తెలుసు. కానీ ఆ కాగితం ఉంటేనే నువ్వడిగే అరలు, పెట్టెలు, ఇంకో మనిషి సాయం స్కూల్ వాళ్లు ఇస్తారు.

ఇక సర్దడం. పిల్లలు లేని ఒక పూట చూసుకుని బీరువాలో ఉన్నదంతా మంచం మీద పరిచేయి. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని మూడు చూడు: డాక్టర్ రాసిన కాగితం, ఇంట్లోవాళ్లు సంతకం చేసిన అనుమతి, మందులషాపు లేబుల్‌తో ఉన్న అసలు డబ్బా. మూడూ ఉండి గడువు దాటకపోతే ఒక పక్కకు. ఒకటి తక్కువైతే ఆ ఇంటికి అదే రోజు ఫోన్. ఏదో తెలియని మందును మాత్రం రంగు చూసి, ఆకారం చూసి ఊహించకు. "మధ్యాహ్నం ఒకటి" కవరు ఇక ఎవరికీ ఇవ్వకూడని కవరు. దాన్ని విడిగా సీల్ చేసి, ఎన్ని మాత్రలున్నాయో రాసి, ఎవరిదో తేలితే వాళ్ల పెద్దవాళ్ల చేతికి ఇచ్చి సంతకం తీసుకో. తేలకపోతే పాత మందులు వెనక్కి తీసుకునే మందులషాపుకు చేర్చు. సింకులో పోయకు, చెత్తబుట్టలో వేయకు.

తర్వాత, ఒక పిల్లకు ఒక పెట్టె. జిప్ కవర్లు వద్దు. అవి ఒకదాని వెనక ఒకటి జారిపోతాయి. మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ పెట్టె ముందు వైపు పిల్ల ఫొటో, పూర్తి పేరు, పుట్టిన తేదీ, తరగతి. ఏదైనా మందు పడకపోతే అది ఎర్ర అక్షరాల్లో. ఫొటో ప్రతి ఏడాదీ మార్చు, పిల్లలు ఇట్టే మారిపోతారు.

వరుస గురించి అడిగావు. రోజూ ఇచ్చేవాటికి వేళే మంచిదని నా అభిప్రాయం. పది గంటల అర, లంచ్ అర, సాయంత్రం అర. లంచ్ అరలో తొమ్మిది పెట్టెలుంటే తొమ్మిదీ అయ్యాయా లేదా అని చూపుకే తెలుస్తుంది. పేరు వరుసలో పెడితే ఒకే పేరున్న ఇద్దరి పెట్టెలూ పక్కపక్కనే కూర్చుంటాయి, సోమవారం నీకు జరిగింది అదే. ఆ ఇద్దరి పెట్టెల్నీ వేర్వేరు అరల్లో పెట్టి, రెండిటి మీదా "ఇదే పేరుతో ఇంకొకరున్నారు" అని పసుపు స్టిక్కర్ అంటించు. రిజిస్టర్‌లో కూడా ఆ రెండు పేజీలకూ అదే స్టిక్కర్. వీలైతే ఇద్దరి వేళలూ పది నిమిషాలు అటూ ఇటూ జరపొచ్చా అని వాళ్ల డాక్టర్లని అడగమను.

పిల్లని అడిగే తీరు మార్చుకో. "నువ్వు ఫలానానే కదా?" అంటే చిన్నపిల్లలు దేనికైనా ఊ అంటారు. పెద్దవాళ్లు అడిగారంటే అవుననాలి అనుకుంటారు. "నీ పూర్తి పేరు చెప్పు, పుట్టినరోజు ఎప్పుడు?" అని అడుగు. వాడే చెప్పాలి, నువ్వు పెట్టె మీద చూసి సరిపోల్చుకోవాలి. మాట రాని పిల్లలైతే ఫొటో, తోడు వచ్చిన టీచర్.

బల్ల మీద ఒకసారికి ఒక్క పెట్టే ఉండాలి. ఆరుగురు వచ్చినా సరే. మిగతా ఐదుగురు గుమ్మం బయట బెంచీ మీద కూర్చుంటారు. లేబుల్ మూడుసార్లు చదువు: పెట్టెలోంచి తీసేటప్పుడు, మాత్ర బయటికి తీసేటప్పుడు, డబ్బా మళ్లీ లోపల పెట్టేటప్పుడు. మింగిన తర్వాతే రిజిస్టర్‌లో రాయి, ముందు రాసి పెట్టుకోకు. పొద్దున్నే చిన్న కప్పుల్లో మాత్రలు వేసి వరుసగా పెట్టుకునే వాళ్లని చూశాను. టైమ్ కలిసొస్తుందంటారు. ఒక్క కప్పు తారుమారైతే ఏ మాత్ర ఎవరిదో చెప్పే లేబుల్ అక్కడ ఉండదు. అలా ఎప్పుడూ చేయకు. పిల్ల రాకపోతే గడి ఖాళీగా వదలకు. సెలవా, మింగనందా, నువ్వు పిలిచినా రాలేదా, కారణం రాయి. ఖాళీ గడి చూసినవాళ్లకు ఇవ్వలేదో, ఇచ్చి రాయలేదో తెలియదు, రెండోసారి ఇచ్చేస్తారు.

సగం ముక్కలు నువ్వు విరవకు. మందులషాపులోనే సగం చేసి లేబుల్ వేసి పంపమని ఇంటివాళ్లని అడుగు. మిథైల్‌ఫెనిడేట్ లాంటివి వచ్చినప్పుడు తెచ్చిన పెద్దవాళ్లూ నువ్వూ కలిసి లెక్కపెట్టి ఇద్దరూ సంతకం పెట్టాలి. అవి తాళం వేసిన బీరువాలో ఇంకో తాళం పెట్టెలో ఉండాలి, ఇచ్చిన ప్రతిసారీ మిగిలిన లెక్క రాయాలి. పిల్ల బ్యాగులో పంపితే తీసుకోను అని గట్టిగా చెప్పు.

ఇప్పుడు తాళం మాట. ఇది నా సొంత అనుభవం, ఇప్పటికీ తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. చేరిన మూడో ఏడు. అప్పట్లో మా దగ్గర కూడా అన్నీ తాళంలోనే. నేను గ్రౌండ్‌లో కాలు బెణికిన అబ్బాయి దగ్గర ఉన్నాను, తాళంచెవి నా జేబులో. ఐదో తరగతి పాప ఆయాసంతో నా గదికి వచ్చింది. ఆఫీసులో పనిచేసే ఆవిడ బీరువా తలుపు గుంజుతూ ఉంది, ఒక పిల్లాడు నా కోసం పరిగెత్తుకొచ్చాడు. నేను వచ్చేసరికి ఆ పాప కుర్చీ అంచు రెండు చేతులా పట్టుకుని, భుజాలు చెవుల దాకా లేపి ఊపిరి లాగుతోంది. మాట్లాడలేకపోతోంది. మెడ దగ్గర గుంట పడుతోంది ప్రతి శ్వాసకీ. తాళం తీసి ఇన్‌హేలర్ నొక్కితే బుస్సుమని గాలి వచ్చింది. రెండుసార్లు, నాలుగుసార్లు. మార్పు లేదు. తిప్పి చూస్తే వెనక, ఇంకెన్ని డోసులున్నాయో చూపే కౌంటర్ మీద సున్నాలు. మందు అయిపోయినా లోపలి వాయువు ఇంకా బుస్సుమంటూనే ఉంటుంది, ఊపి చూస్తే తెలియదు. ఇంకో ఇన్‌హేలర్ అందింది, అంబులెన్స్ వచ్చింది, పాప బాగుంది. ఆ పాప పేరు నేను మర్చిపోలేదు.

అందుకే చెప్తున్నాను, ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాడేవి తాళంలో ఉండకూడదు. ఆయాసానికి సాల్బ్యుటమాల్ ఇన్‌హేలరూ స్పేసరూ (దానికి తగిలించే గొట్టం), తీవ్రమైన అలర్జీకి ఎడ్రినలిన్ పెన్ను (తొడకి పొడిచే రెడీ ఇంజెక్షన్), ఫిట్స్‌కి మిడజోలం, షుగర్ పిల్లలకి గ్లూకోజ్. చిన్నపిల్లల చేతికి అందని ఎత్తులో, పెద్దవాళ్లకి ఎదురుగా కనపడేలా, ఒక్కొక్కరికీ ఒక ఎర్ర సంచి. లోపల మందుతో పాటు ఆ పిల్లకు ఏం చేయాలో డాక్టర్ రాసిన ఒక పేజీ. మిడజోలం ఇవ్వాల్సిన పిల్లకైతే ఎన్ని నిమిషాలు ఆగాలో ఆ పేజీలో ఉంటుంది, చాలామందికి 5 నిమిషాలు. అందుకే ఫిట్స్ మొదలవగానే గడియారం చూడమని టీచర్లకు చెప్పు. మిడజోలం మీద కొన్నిచోట్ల తాళం నిబంధన ఉంటుంది. అలాంటప్పుడు కనీసం ఇద్దరు ముగ్గురికి తాళంచెవి ఎక్కడుందో తెలియాలి, నువ్వు గదిలో లేకపోయినా తెరవగలగాలి. కాస్త పెద్ద పిల్లలైతే ఇన్‌హేలరూ, ఎడ్రినలిన్ పెన్నూ వాళ్ల దగ్గరే ఉండొచ్చని డాక్టరూ ఇంటివాళ్లూ రాసిస్తారు, అది ఇంకా మేలు.

ప్రిన్సిపాల్ గారికి ఈ కథ కావాలంటే చూపించు.

టైప్‌1_అమ్మ:

నేను నర్సుని కాదు. మా పాపకి తొమ్మిదేళ్లు, ఐదేళ్లుగా ఇన్సులిన్ మీద ఉంది. బల్లకి ఇటువైపు నుంచి రెండు మాటలు.

మేడమ్, షుగర్ పడిపోయిన పిల్లని ఒక్కదాన్నే మీ గదికి నడిపించొద్దని అందరు టీచర్లకీ చెప్పండి. ఒకసారి మా పాప క్లాసులో తల తిరుగుతోందంటే "నర్సు దగ్గరికి వెళ్లు" అన్నారట. మెట్ల మీదే కూర్చుండిపోయింది. గ్లూకోజ్ మాత్రలు క్లాసులోనే, పాప బ్యాగులోనే ఉండాలి. షుగర్ 70 కంటే తక్కువుంటే మాకు డాక్టర్ చెప్పింది: వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్, 15 నిమిషాలకి మళ్లీ పరీక్ష. నడవడం ఆ తర్వాతే, అదీ తోడుతో. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పెట్టకూడదు, గ్లూకగాన్ (షుగర్‌ని పెంచే మందు) ఇచ్చి అంబులెన్స్‌కి ఫోన్ చేయాలి.

ఇన్సులిన్ పెన్ను మీద తెరిచిన తేదీ రాయండి. మా పాప వాడేది తెరిచాక 28 రోజులే. తేదీ లేకపోతే నేను ఫోన్‌లో ఎన్నో రోజని గుర్తు చేసుకోవాలి, ఆ టెన్షన్ మీకూ వద్దు నాకూ వద్దు. తెరవనివి ఫ్రిజ్‌లో, 2 నుంచి 8 డిగ్రీల మధ్య. వెనక గోడకి ఆనించొద్దు, గడ్డకడితే కరిగాక కూడా పనికిరాదు. ఇంకా, పెన్ను ఎవరిది వాళ్లదే. సూది మార్చినా ఇంకో పిల్లకి వాడకూడదు.

మీరు ఫోన్ చేసి ఇలా జరిగిందని చెప్తే నాకు కోపం రాదు మేడమ్. చెప్పకుండా దాచి తర్వాత తెలిస్తే వస్తుంది.

ఫార్మసిస్ట్‌ని:

బడి_నర్సు గారు దాదాపు అన్నీ చెప్పారు. నా వైపు నుంచి లేబుల్స్ గురించి.

స్ట్రిప్పు కత్తిరించి పంపితే తీసుకోకండి. గడువు తేదీ స్ట్రిప్పులో ఒక అంచునే ఉంటుంది, ఆ అంచు ఇంట్లో ఉండిపోతుంది, మీకు వచ్చేది తేదీ లేని ముక్క. సగం మాత్రలకీ ఇంతే, పేరూ తేదీ ఉన్న డబ్బాలో వస్తేనే తీసుకోండి.

సిరప్‌ల దగ్గర మిల్లీగ్రాములూ మిల్లీలీటర్లూ కలిసిపోతాయి. పారాసెటమాల్ సిరప్ ఒక సీసాలో 5 మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాములు, ఇంకో సీసాలో అదే 5 మిల్లీలీటర్లకి 250. రంగూ వాసనా ఒకేలా ఉండొచ్చు. "ఒక చెంచా" అని రాసిన చీటీ వస్తే అది డోసు కాదు. మిల్లీగ్రాములు ఎన్ని, సీసా బలం ఎంత, మిల్లీలీటర్లు ఎన్ని, మూడూ రాయించుకోండి. చెంచాల సైజు ఇంటింటికీ మారుతుంది, నోటి సిరంజితోనే ఇవ్వండి. జ్వరానికి ఇచ్చేముందు ఇంటికి ఫోన్ చేసి పొద్దున ఏం ఇచ్చారు, ఎన్నింటికి అని అడగండి. బ్రాండ్ పేరు వేరైనా లోపల అదే పారాసెటమాల్ ఉంటుంది, జలుబు మందుల్లో కూడా. రెండు డోసుల మధ్య కనీసం 4 గంటలు, రోజంతా కలిపి 4 డోసులకి మించకూడదు. చిన్నపిల్లలకి ఆస్పిరిన్ మాత్రం ఎవరు పంపినా డాక్టర్ రాయకుండా ఇవ్వకండి.

పొడిలో నీళ్లు కలిపి చేసే యాంటీబయాటిక్ సీసాకి పెట్టె మీద ఉన్న గడువు కాదు, కలిపిన రోజు నుంచి లెక్క. ఫ్రిజ్‌లో ఉంచాల్సినవి కూడా వాటిలో ఉంటాయి. ఎడ్రినలిన్ పెన్ను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి, గది వేడిలోనే. దాని చిన్న కిటికీలోంచి నెలకోసారి చూడండి, మందు గోధుమ రంగుకి తిరిగినా మడ్డిగా ఉన్నా మార్చాలి. పిల్ల బరువు పెరిగితే 0.15 నుంచి 0.3 మిల్లీగ్రాముల పెన్నుకి మారాల్సి రావచ్చు, ఏడాది మొదట్లో బరువు చూసి ఇంటివాళ్లకి గుర్తుచేయండి.

ఇంకోటి. మెల్లగా విడుదలయ్యే మాత్రల్ని పొడి చేయకూడదు. మింగలేకపోతున్నాడని నలిపి ఇస్తే రోజంతా పనిచేయాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్తుంది. అనుమానం ఉంటే మాకు ఫోన్ చేయండి, అడిగినందుకు ఎవరూ విసుక్కోరు.

కొత్త_నర్సు:

అందరికీ చాలా థాంక్స్. అక్కా, మీరు చెప్పినట్టు శనివారం అన్నీ మంచం మీద పరిచాను. నాలుగు గంటలు పట్టింది. ముప్పై నాలుగు కవర్లలో మీరు చెప్పిన మూడూ సరిగ్గా ఉన్నవి పదహారే. ఇన్‌హేలర్లు పదకొండు, రెండిటి కౌంటర్ సున్నా. ఆ రెండు ఇళ్లకీ అక్కడి నుంచే ఫోన్ చేశాను. "మధ్యాహ్నం ఒకటి" ఎవరిదో ఇప్పటికీ తేలలేదు, సీల్ చేసి పెట్టాను.

సోమవారం సంగతి రాసి ఇచ్చాను. నాలుగో తరగతి బాబు వాళ్లమ్మకి ఫోన్ చేసేటప్పుడు నా గొంతు వణికింది. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సగం ముక్క అని వాడికి నేనే నేర్పించాను" అన్నారు. రేపటి నుంచి సగం చేసి లేబుల్ వేసిన డబ్బా పంపిస్తామన్నారు.

ప్రిన్సిపాల్ గారు మీ పోస్టు చదివారు. ఎర్ర సంచులకి తలుపు వెనక కొక్కేలు కొట్టించారు.

ఒక్క సందేహం మిగిలింది. వచ్చే నెల ఐదో తరగతి వాళ్లని రోజంతా బయటికి తీసుకెళ్తున్నారు. నేను స్కూల్లోనే ఉండాలి. మందులు ఎవరి చేతికి ఇవ్వాలి?

బడి_నర్సు:

పదహారు ఉన్నాయి కదా చెల్లీ, నేను మొదట చూసినప్పుడు అంతకంటే తక్కువే.

బయటికెళ్లే రోజుకి ఒకే టీచర్ పేరు రాయి, "టీచర్లు చూసుకుంటారు" అని రాయకు. స్కూల్ నిబంధన ప్రకారం మందు ఇచ్చే అనుమతి ఆ టీచర్‌కి ఉందా అని ముందే ప్రిన్సిపాల్ గారిని అడుగు. ఆవిడని రెండు రోజుల ముందు కూర్చోబెట్టి, ట్రైనర్ పెన్ను (మందూ సూదీ లేని ప్రాక్టీసు పెన్ను) ఉంటే దాంతో తొడ మీద నొక్కడం, స్పేసర్‌తో ఇన్‌హేలర్ ఇవ్వడం నీ ఎదురుగా చేయించు. చెప్తే సరిపోదు, చేతులతో చేయాలి. మామూలు మాత్రలైతే అసలు డబ్బాతోనే ఇవ్వు, కవర్లోకి మార్చకు. రిజిస్టర్ పేజీ కాపీ ఒకటి ఇవ్వు, ఎన్నింటికి ఇచ్చిందో అక్కడే రాసి సాయంత్రం నీకు తిరిగివ్వాలి.

సంచులు ఆ టీచర్ భుజానే ఉండాలి. బస్సులో వదిలి దిగకూడదు. ఎండలో మూసిన బస్సు ఎంత వేడెక్కుతుందో తెలుసు కదా, ఇన్‌హేలర్‌కీ ఎడ్రినలిన్‌కీ అది మంచిది కాదు. పైగా అవసరం వచ్చేసరికి బస్సు ఎక్కడో ఆగి ఉంటుంది. ఇన్సులిన్ వెళ్తోందంటే చల్లసంచిలో, ఐసు ప్యాక్‌కి తగలకుండా గుడ్డ చుట్టి. పిల్లలు రెండు గుంపులుగా విడిపోతే అలర్జీ ఉన్న పిల్ల ఏ గుంపులో ఉందో ఆ సంచీ ఆ గుంపుతోనే వెళ్లాలి. ఇది బస్సు ఎక్కే ముందే తేల్చుకోమను.